క్రిల్ టన్నుల లెక్క వెనుక ఒక ప్రతిధ్వని

2000 సంవత్సరం ఆరంభంలో జపాన్, రష్యా, బ్రిటన్, అమెరికా నౌకలు నాలుగు అంటార్కిటికా వైపు అట్లాంటిక్ జలాల్లో తిరిగి, నీటిలోకి ధ్వని పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనులను నమోదు చేశాయి. అక్కడ క్రిల్ అనే చిన్న సముద్రజీవి 4.43 కోట్ల టన్నులు ఉందని మొదట తేల్చారు. పదేళ్ల తర్వాత అవే రికార్డులను తిరగేస్తే 6.03 కోట్ల టన్నులు వచ్చింది. సముద్రంలోకి మళ్లీ ఎవరూ వెళ్లలేదు. ప్రతిధ్వనిని టన్నుల్లోకి మార్చే సూత్రం మారింది, అంతే.

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే ఒక్క క్రిల్‌ను దగ్గరగా చూడాలి. రొయ్యను పోలిన జీవి, మహా అయితే ఆరు సెంటీమీటర్లు. చాలా చేపల్లో ఉండే గాలితిత్తి దీనికి లేదు. ఒంటి సాంద్రతకూ ఉప్పునీటి సాంద్రతకూ తేడా కొద్ది శాతమే. అందుకే అది వెనక్కి పంపే శబ్దం చాలా బలహీనం. సర్వేల్లో ఎక్కువగా వాడే 120 కిలోహెర్ట్జ్ ధ్వనికి నీటిలో తరంగదైర్ఘ్యం సెంటీమీటరున్నర లోపే. ఆ కొలత దగ్గర క్రిల్ అడ్డంగా ఈదుతోందా, తల పైకెత్తి ఏటవాలుగా ఉందా అన్నదాన్ని బట్టే ప్రతిధ్వని బలం ఎంతో మారిపోతుంది. ఒక్కో క్రిల్ నుంచి వచ్చే శబ్దం తక్కువనుకుంటే అదే రికార్డులో ఎక్కువ క్రిల్ ఉన్నట్టు తేలుతుంది. వల వేసి పట్టి, పొడవు కొలిచి సరిచూసుకోవడం అందుకే తప్పనిసరి.

ఈ విద్య చరిత్రలో ఒక పొరపాటు పోలిక కూడా ఉంది. 1942లో శాన్ డియాగో దగ్గర జలాంతర్గాములను పసిగట్టేందుకు శబ్ద పరీక్షలు చేస్తుంటే, వందల మీటర్ల లోతున సముద్రపు అడుగులా భ్రమింపజేసే పొర కనబడింది. రాత్రయితే అది పైకి లేస్తోంది. చీకటి పడగానే మేతకు పైకొచ్చే జీవుల గుంపే అది కావాలని 1945లో సముద్ర జీవశాస్త్రవేత్త మార్టిన్ జాన్సన్ సూచించారు. తెల్లవారితే దిగిపోయే ఆ పొరను, ధ్వని పంపి ప్రతిధ్వనిని చూపే ఎకో సౌండర్ తెరపై చూడటం ఇప్పటికీ అబ్బురమే.

ఈ పద్ధతి మీద నాకు అపారమైన గౌరవం. అభ్యంతరమల్లా దాని ఫలితాన్ని వాడే తీరుపైనే. 6.03 కోట్ల టన్నుల అంచనా ఆధారంగా అంటార్కిటిక్ జీవవనరుల కమిషన్ ఏడాదికి 56.1 లక్షల టన్నుల వేట పరిమితి పెట్టింది. అదృష్టవశాత్తూ, ఆచరణలో వేట దాటరాని అసలు అడ్డుకట్ట 6.2 లక్షల టన్నుల దగ్గరే ఉంది. ఆ వేటను ప్రాంతాల వారీగా పంచే నిబంధన 2024లో పొడిగింపు దొరక్క ముగిసిపోయింది. 2025 ఆగస్టుకల్లా చరిత్రలో తొలిసారి ఆ 6.2 లక్షలూ నిండి, వేట ఆపాల్సి వచ్చింది. విశాల సముద్రమంతటి మొత్తం ఎంతైనా, పిల్లలకు మేత తేవాల్సిన పెంగ్విన్‌కు తన గూటికి దగ్గర్లో ఉన్నదే లెక్క.

ఆ కమిషన్‌లో నిర్ణయాలు ఏకాభిప్రాయంతోనే జరుగుతాయి. భారత్ అందులో సభ్యురాలు. సంరక్షిత ప్రాంతాల ప్రతిపాదనలకు 2021లో మద్దతు ప్రకటించింది కూడా. ప్రాంతాల వారీ పంపకం మళ్లీ రావాలని మన ప్రతినిధులు గట్టిగా పట్టుబట్టాలి. దాంతోపాటు చిన్న చిన్న ప్రాంతాల్లో, వేసవిలోనే కాకుండా పడవలు వేటాడే శరత్తు, శీతాకాలాల్లోనూ ధ్వని సర్వేలు జరగాలని అడగాలి.