గద్దల లెక్కకు గంట చాలు

తిరుమలలో నిన్న ఎంతమంది దర్శనం చేసుకున్నారో, ఎందరు తలనీలాలిచ్చారో, హుండీలో ఎంత పడిందో పొద్దున్నే పేపర్లో వచ్చేస్తుంది. స్వామివారి వాహనమైన గరుత్మంతుడి బంధువర్గం గోడు మాత్రం ఎవరికీ పట్టదు. ఏడుకొండల్లో గరుడాద్రి అని ఒక కొండే ఉంది కదా, దాని మీద గద్దలెన్ని అంటే చెప్పే నాథుడు లేడు. ఈ లోటు తీర్చడానికి నేనే నడుం కట్టాను. అంటే, బెంచీ మీద కూర్చున్నాను.

బెంచీ మా వీధి చివర టీ అంగడిది. ఎదురుగా చికెన్ అంగడి. గంటలో 14 గద్దలు కనబడ్డాయి. నాకు కనిపించిన ఆకాశం అర చదరపు కిలోమీటరు అనుకుందాం. ఈ కొండలన్నీ ఉన్న రక్షిత ప్రాంతం, శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్, 4,755 చదరపు కిలోమీటర్లు. గుణిస్తే 1,33,140 గద్దలు! ఆ అంకె చూసి నాకే ఒళ్ళు పులకరించింది. చివర్లో ఆ నలభై ఉంది చూశారూ, అదీ శాస్త్రమంటే.

"అది ఒకటే గద్ద సామీ. కోడి పేగుల కోసరం పొద్దున్నుంచి చుట్టూ తిరగతా ఉండాది" అన్నాడు పక్కన కూర్చున్న ఆటో అతను. శాస్త్రీయ దృక్పథం లేనివాళ్ళతో నేను వాదించను.

జువాలజీ చదివే మా మేనకోడలు అంతకంటే మొండిది. "అడవిలో ఉండే పాములగద్దను చికెన్ అంగడి ముందు లెక్కపెడతావా మామా?" అంది. అడవిని గళ్ళు గళ్ళుగా విడగొట్టి చీటీలు తీయాలట. దారీ తెన్నూ లేని లోయ వచ్చినా అక్కడికే పోవాలట. రోడ్డు పక్కన చూస్తే రోడ్డు పక్క లెక్కే వస్తుందట. పోయిన చోటికే మూడు నాలుగు సార్లు పోవాలట, గద్ద అక్కడే ఉండి కూడా మన కంటబడకపోవచ్చు కనుక. ఎన్నిసార్లు పోతే ఎన్నిసార్లు కంటబడిందో తెలిస్తే, కనబడనివాటికీ లెక్క కట్టొచ్చట. ఉన్న నలుగురు మనుషులతో ఎక్కువ చోట్లకు తక్కువసార్లు పోవాలా, తక్కువ చోట్లకు ఎక్కువసార్లు పోవాలా అని ముందే తేల్చుకోవడాన్ని వాళ్ళు సమర్థత అంటారు. కాలు కదపకపోవడమే సమర్థత అని నేను ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను.

ఒక్క మాట మాత్రం నచ్చింది. పిట్టల్ని చూడాలంటే తెల్లారకముందే లేవాలి గానీ, ఈ పెద్ద గద్దలు ఎండెక్కి, రాళ్ళు కాగి, వేడిగాలి పైకి లేచేదాకా ఆకాశంలో తిరగవట. సరిగ్గా నేను నిద్ర లేచే టైమే.

రాబందుల కథ కూడా చెప్పింది. 1991-93లో దేశంలో కొన్ని రోడ్ల వెంట వాటిని లెక్కబెట్టారు. 2000లో మళ్ళీ అవే రోడ్ల మీద తిరిగితే నూటికి తొంభైకి పైగా మాయం. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పుల సూది మందు, ఆ పశువు కళేబరం తిన్న రాబందు కిడ్నీలను దెబ్బతీస్తుందని తర్వాత బయటపడింది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. పాత లెక్క లేకపోతే ఎంత పోయిందో చెప్పగలిగేవాళ్ళా అంది. ఇదంతా విని నేను ఇంకో టీ చెప్పాను.

పోయిన వారం తను లోయలోకి మూడు సార్లు దిగి వచ్చింది. ఒళ్ళంతా ముళ్ళు గీరుకుపోయాయి. పుస్తకంలో మూడు గళ్ళలోనూ సున్నా. "సున్నా కూడా లెక్కే మామా" అని భద్రంగా దాచుకుంది. అంత కష్టపడి సున్నా తెచ్చుకునే పిల్లకు పెళ్ళి ఎలా అవుతుందో అని మా అక్కకు టెన్షన్.

నేనూ పద్ధతి ప్రకారం రెండోసారి లెక్కకు కూర్చున్నాను. అది పెరటాసి శనివారం, వెంకన్నకు మొక్కే రోజు. ఊళ్ళో నీచు ముట్టేవాడు లేడు, చికెన్ అంగడి షట్టర్ దించేసి ఉంది. గంటసేపు మెడ నొప్పి పుట్టేలా చూసినా ఆకాశంలో ఒక్క రెక్క లేదు. నా సూత్రం ప్రకారం శేషాచలంలో 1,33,140 గద్దలు వారం రోజుల్లో అంతరించిపోయాయి. ఆటో అతను చూడకముందే ఆ పేజీ చించేశాను.