కారుకు తలంటు

మా కారు వెనక అద్దం మీది దుమ్ములో ఎవరో వేలితో ‘నాకు స్నానం ఎప్పుడు?’ అని రాశారు. వీధి పిల్లల పనే. ఒక్క అక్షరదోషం లేదు, అదొక్కటే సంతోషం. ఆదివారం పొద్దున పాల పాకెట్టు కోసం బయటికి వచ్చి చదివాను. నాకంటే ముందే పక్కింటి మాస్టారు చదివారని ఆయన దగ్గిన దగ్గును బట్టి తెలిసింది.

కారు తెల్లదే, కొన్న రోజున. హైదరాబాదు శివార్లలో ఇల్లు, ఇంటి ముందు కానుగ చెట్టు. నీడ బాగుంటుందని కారును దాని కిందే నిలుపుతాను. ఏప్రిల్‌లో పూలు రాలి బోనెట్టు మీద పేలాలు ఆరబోసినట్లు ఉంటుంది, చూడముచ్చటగానే. పూలతో పాటు ఆకుల మీది పురుగుల జిగురూ పడుతుంది. జిగురు మీద దుమ్ము, దుమ్ము మీద పావురాల కానుకలు, మళ్లీ జిగురు. పూతరేకులైనా అన్ని పొరలు ఉండవు.

బయట కడిగిస్తే 500 రూపాయలు. “ఇంట్లో నీళ్లున్నాయి, సబ్బు పొడి ఉంది, నాకు ఓపిక ఉంది” అన్నాను మా ఆవిడతో. మూడో దాని గురించి ఆవిడ ఏమీ అనలేదు గాని, నా పాత పంచె ఒకటి తెచ్చి చేతికిచ్చింది.

మంజీరా నీళ్లు మాకు రోజు విడిచి రోజు వస్తాయి, అవి తాగడానికే. వాటితో కారు కడుగుదామన్న ఆలోచన వచ్చినా బెంగళూరులో ఉన్న మా తమ్ముడు గుర్తొస్తాడు. 2024 మార్చిలో అక్కడ నీళ్లకు కటకట వచ్చినప్పుడు తాగునీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా పెట్టారు. వాడు ఆ సంగతి తనే కట్టినంత బాధగా ఇప్పటికీ చెబుతుంటాడు. అందుకని బోరు నీళ్లే గతి. వంటింట్లో ఫిల్టరు బిగించడానికి వచ్చిన కుర్రాడు ఒకసారి ఆ నీళ్లలో కరిగిన ఉప్పులు కొలిచే మీటరు ముంచి, 1,200 అని చూపించి, మా కుటుంబం వైపు జాలిగా చూశాడు. అలాంటి నీళ్లలో సబ్బు పొడి నాలుగు గుప్పిళ్లు పోస్తే గాని నురగ కనబడలేదు.

కుళాయి గేటు దగ్గర ఉంది కాబట్టి కారును ఎండలోకి తెచ్చాను. పైపు వదులుగా ఉంటే సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టాను. కట్టానని నేను అనుకున్నాను, కుళాయి అనుకోలేదు. పూర్తిగా తిప్పగానే పైపు ఊడి, పడగ విప్పిన పాములా ఒక్కసారి లేచి, ప్రహరీ మీదుగా మాస్టారి పేపరును తడిపేసింది. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, ఇక నన్నే చదవడం మొదలుపెట్టారు.

ముందు టైర్లు తోమాను. అరగంట పట్టింది, నల్లగా నిగనిగలాడాయి. తరవాత పైకప్పు మీద బకెట్టు కుమ్మరించాను. ఆ బురదంతా తీరిగ్గా దిగివచ్చి టైర్ల మీదే కూర్చుంది.

“నాయనా, స్నానం తల నుంచి మొదలుపెడతారా, పాదాల నుంచా?” అన్నారు మాస్టారు.

బోనెట్టు దగ్గరికి వచ్చేసరికి మా అమ్మ అడ్డుపడింది. దసరాకు తను పసుపు, కుంకుమలతో పెట్టిన స్వస్తిక్ అక్కడ ఉంది. “దాని జోలికి పోకురా, మళ్లీ దసరా దాకా ఉండనీ” అంది. సరేనని చుట్టూ మాత్రమే తుడిచాను. నురగకు ఆ మర్యాదలు తెలియవు కదా. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని దిష్టి తీసిన ప్రతి ఇంటికీ తెలుసు. సబ్బు పొడి కూడా ఆ పని చేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. ఎర్రటి ధార ఒకటి హెడ్‌లైటు మీదుగా బంపరు దాకా కారింది. అటుగా స్కూటరు మీద పోతున్నాయన ఆగి, “దెబ్బలేమీ తగల్లేదు కదండీ?” అని పరామర్శించి వెళ్లాడు. “పోనీలే, దిష్టి కూడా పోయింది” అంది అమ్మ.

పది దాటింది. ఎండకు ఒకవైపు కడుగుతుంటే మరోవైపు ఆరిపోతోంది. ఆరిన చోటల్లా తెల్లటి మచ్చలు. తెల్ల కారు మీద తెల్ల మచ్చలు కనబడవనుకునేవారు ఒకసారి మా బోరు నీళ్లు వాడి చూడాలి. మచ్చలు చుక్కలు చుక్కలుగా తేలి, ఎవరో ముగ్గుకు చుక్కలు పెట్టి గీతలు మరిచిపోయినట్లు ఉంది. అమ్మ లోపలికి వెళ్లి చింతపండు తెచ్చింది. ఇత్తడి బిందెకు పనికొచ్చింది దీనికి పనికిరాదా అంటూ, నేను వారించేలోగా డిక్కీ మీద ఒక మూల రుద్ది కడిగేసింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, కారంతటిలో శుభ్రపడింది ఆ మూలే.

ఎడమవైపు వెనక తలుపును పంచెతో తుడుస్తుండగా చెయ్యి ఆగిపోయింది. దుమ్ము కింద నుంచి మూరెడు గీత బయటపడింది. మొన్న మార్గశిరంలో పెళ్లికి వెళ్లినప్పుడు ఫంక్షన్ హాలు స్తంభానికి నేను రాసుకున్నదే. ఇంట్లో చెప్పలేదు. నాలుగు నెలలుగా దుమ్ము నా పరువు కాపాడుతూ వస్తే, పొద్దున్నే లేచి సబ్బు పెట్టి మరీ దాన్ని వదిలించాను. పంచెను తలుపు మీద ఆరేసినట్లు పరిచి నిలబడ్డాను. మా ఆవిడ వచ్చి పంచె తీసింది.

“ఈ గీత ఏమిటండీ?”

“ఏ గీత?”

“మూరెడు ఉందమ్మా, ఇక్కడికే కనిపిస్తోంది” అన్నారు మాస్టారు.

తప్పించుకోవడానికి కారు చుట్టూ తిరిగాను. కుడివైపు ముందు బంపరు మీద అరచేయంత సొట్ట, అందులో ఆకుపచ్చ రంగు. ఇది నా పని కాదు. మా గేటు ఆకుపచ్చ. పిల్లవాణ్ని బడికి దించేటప్పుడు ఆ గేటులోంచి కారు తీసేది మా ఆవిడ.

“మరి ఈ సొట్ట?” అన్నాను.

“పొయ్యి మీద పప్పు ఉంది” అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. ఎంతసేపు విన్నా కుక్కరు కూత వినబడలేదు.

పైపు చుట్టేసి, బకెట్లు లోపల పెట్టి, కారు ఎక్కడ నిలపమంటావని గుమ్మంలోంచి అడిగాను.

“చెట్టు కిందే” అంది వంటింట్లోంచి.