ప్రింటరుకి ఫేజు రావట్లేదండి

కోనసీమలో మనిషికి జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి మనమే వెళ్లాలి. ప్రింటరుకి జబ్బు చేస్తే డాక్టర్లే నడిచొస్తారు. అరుగు మీద నిలబడి "ప్రింటు రావట్లేదర్రా" అని ఒక్కసారి అంటే చాలు. పక్కవీధి నుంచి కూడా వచ్చేస్తారు, ఫీజు అడగరు, కాఫీ మాత్రం తాగుతారు.

అంబాజీపేటలో మా బాబాయిది కొబ్బరి వ్యాపారం. ఆవేళ గటగట కురిడీ, అంటే ఎండు కొబ్బరికాయల లోడు కట్టేసి, తాళ్లు బిగించేసి, లారీ కొట్టు ముందే ఉంది. సరుకుతో పాటు పంపే ఈ-వే బిల్లూ గుమాస్తా తీశాడు, కొట్టు బిల్లూ తయారుచేశాడు. ప్రింటు కొడితే ప్రింటరు కనీసం మూలగలేదు. తెర మీద ఓ మూల చిన్న అక్షరాల్లో 'ఆఫ్‌లైన్' అని పడింది. ఆ ముక్క పట్టించుకుంటే కథ అక్కడే అయిపోను. కానీ యంత్రం చెప్పేది మనం వినడమేమిటి, మనం చెప్పేది అది వినాలి గానీ!

జరిగింది చిన్నదే. పొద్దున్నే మా పిన్ని మస్కట్‌లో ఉన్న కూతురితో మాట్లాడ్డానికి వెబ్ కెమెరా తగిలించింది. సీపీయూ వెనక ప్రింటరు వైరు పీకి, ఆ కన్నంలో కెమెరా పెట్టింది. ఒకరిని లేపి ఇంకొకరిని కూర్చోబెట్టడం మర్యాద కాదని, ప్రింటరు వైరుకి ముందువైపు ఇంకో కన్నం చూపించింది. యూఎస్‌బీ కన్నాలన్నీ ఒకటేనని మన నమ్మకం. కంప్యూటరుకి ఆ నమ్మకం లేదు. కొన్ని ప్రింటర్లు తమకంటూ విడి నంబరు చెప్పుకోవు. అలాంటిది కన్నం మారితే, పాతదేనని గుర్తుపట్టక, కొత్త ప్రింటరొచ్చిందనుకుని 'కాపీ 1' అని పేరు పెట్టేస్తుంది. బిల్లులేమో పాత పేరు మీదే పడి, అక్కడెవరూ లేక, వరుసలో నిలబడిపోతాయి.

"వద్దులెండి, పెన్‌డ్రైవులో వేసుకుని జిరాక్సు షాపుకెళ్లి తీయించుకొచ్చేస్తాను" అన్నాడు గుమాస్తా. ఎండలో పడి ఎక్కడ వెళ్తావురా అని బాబాయి జాలిపడ్డాడు.

మొదట వచ్చింది మోటార్ల మెకానిక్కు. వస్తూనే జేబులోంచి టెస్టరు తీసి యూఎస్‌బీ కన్నంలో పెట్టాడు. వెలగలేదు.

"ఫేజు రావట్లేదండి. కరెంటే లేకపోతే ప్రింటెలా వత్తాదండి?"

అందులో వచ్చేది 5 వోల్టులు. 230 వోల్టుల కోసం పుట్టిన టెస్టరు దాన్ని కరెంటు కింద లెక్కెయ్యదు. వైరు మధ్యకి కోసి జాయింటేస్తానన్నాడు. "కోసెయ్యండి, కోసెయ్యండి" అన్నాడు గుమాస్తా ఎందుకో మహా ఉత్సాహంగా. బాబాయి అడ్డం పడ్డాడు.

తర్వాత రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన వైద్యం ఒకటే, ఆపి మళ్లీ వెయ్యడం. అది లేచేలోపు పాఠం కూడా చెప్పారు: "1998 ఏప్రిల్లో షికాగోలో, నిండు సభలో, బిల్ గేట్స్ కళ్లెదుటే విండోస్ 98కి స్కానర్ తగిలించారు. తెరంతా నీలంగా మారి చతికిలబడింది. అంతటివాడికే తప్పలేదు, మనమెంతండీ?" బాబాయికి కొంత ఊరట కలిగింది. లారీ డ్రైవరుకి కలగలేదు. "లోడు కట్టేసామండి. కాయితం ఇచ్చేత్తే ఎల్లిపోతామండి" అని గుమ్మంలోంచి గుర్తుచేస్తూనే ఉన్నాడు.

కంప్యూటరు లేచింది. వరుసలో ఉన్న కాయితాలు, ఆపి వేసినా చెక్కుచెదరకుండా అక్కడే ఉన్నాయి. గుమాస్తా చెమట తుడుచుకున్నాడు.

ఇంక మావయ్య, అంటే పిన్ని అన్నగారు, రంగంలోకి దిగాడు. దిగడమంటే నిజంగానే బల్ల కిందకి. ఆ చీకట్లో తడుముకుంటూ పెడితే పట్టలేదు, తిప్పి పెడితే పట్టలేదు, మళ్లీ తిప్పితే... ఈ యూఎస్‌బీని తయారుచేసినవాళ్లలో ముఖ్యుడు మన వడోదరవాడే, అజయ్ భట్. ఎటు పెట్టినా పట్టేలా చేస్తే వైర్లూ ఖర్చూ రెట్టింపయ్యేవని ఆయనే చెప్పాడు. ఆ మిగిల్చిన ఖర్చంతా మా మావయ్య నడుం మీద పడింది.

"ఇదిగో, చక్కగా పట్టేసింది బావగారూ!" అని బల్ల కింద నుంచి కేక. నిజంగానే చక్కగా పట్టింది, కాకపోతే అది ఇంటర్నెట్టు వైరు పెట్టే కన్నం. యూఎస్‌బీ దాన్లో ఇట్టే ఇమిడిపోతుంది, పనిచెయ్యదంతే. మావయ్య పట్టు వదలకుండా ఖాళీ కన్నాలన్నీ చూశాడు. చూసినప్పుడల్లా కంప్యూటరు ఇంకో ప్రింటరుకి నామకరణం చేసింది.

తెర మీద జాబితా చూసి బాబాయి కళ్లజోడు సవరించుకున్నాడు. "నేను కొన్నది ఒకటే కదరా, నాలుగున్నాయేంటి? పనిచెయ్యనివి మూడూ అమ్మేద్దాం."

ఇంతలో పిన్ని వచ్చింది. ఈ గొడవతో ఆవిడకి సంబంధం లేదు, కెమెరా బీరువాలో పెట్టుకోవాలి, అంతే. కెమెరా పీకేసి, మావయ్య చేతిలో వేలాడుతున్న వైరు తీసుకుని, "ఇది ఇక్కడిది కదా" అంటూ తన పాత కన్నంలో పెట్టేసి వెళ్లిపోయింది.

ప్రింటరు గొంతు సవరించుకుంది. "చూశారా, నేను ఆపి వేసినందుకే!" అన్నారు మాస్టారు. "వైరు నొక్కినందుకండి" అన్నాడు మెకానిక్కు. గుమాస్తా మాత్రం కాయితం బయటికి రాకముందే రెండు చేతులూ చాపాడు. బాబాయిది వ్యాపారస్తుడి చెయ్యి, అదే ముందు పడింది.

ముందు పంపింది ముందు వస్తుంది కదా. వచ్చింది బిల్లు కాదు. పొద్దున్న బాబాయి కొట్టుకి రాకముందు గుమాస్తా రహస్యంగా కొట్టుకున్న బయోడేటా. పైన ఎదురు కొట్టు షావుకారి పేరు. వెనకాలే బిల్లులు, అవే బిల్లులు, ఒకదాని మీదొకటి వచ్చి నేలమీద పడుతున్నాయి. బాబాయి వాటివైపు చూడకుండా తాపీగా పైకి చదవడం మొదలెట్టాడు.

"అనుభవం: కంప్యూటరు, ప్రింటరు ఎవరి సాయం లేకుండా చూసుకోగలను..."

మావయ్య నడుం పట్టుకుని దగ్గాడు.

"ఇప్పటి జీతం: నెలకి పద్దెనిమిది వేలు." బాబాయి కళ్లజోడు మీంచి చూశాడు. "నేనిస్తున్నది పన్నెండే కదరా. మిగతా ఆరూ ఎవరిస్తున్నారు నాన్నా?"

గుమాస్తా ప్రింటరు వైపు చూశాడు, బాబాయి వైపు చూశాడు.

"అది ప్రింటరు పొరపాటండి. ఆయ్."