శాలువాలు ఎన్ని తేవాలి?

జిల్లా బాగుపడాలంటే చిన్న పరిశ్రమలు పెట్టేవాళ్లకు స్థానికంగా ఒక తోడ్పాటు వేదిక ఉండాలని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్లు ఆ మీటింగుకే రాలేదు. కాబట్టి అనంతపురంలో అలాంటి వేదిక పెట్టదలచిన పెద్దల కోసం పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాం. కత్తిరించి బీరువా తలుపుకు అంటించుకోవచ్చు.

ముందు శాలువాల లెక్క తేలాలి. స్టేజి మీద తొమ్మిది కుర్చీలు వేస్తే శాలువాలు పద్నాలుగు కావాలి. తొమ్మిది కూర్చున్నవాళ్లకు, మూడు ఆలస్యంగా వచ్చి నేరుగా స్టేజి ఎక్కేవాళ్లకు, రెండు కింద కూర్చుని అలిగేవాళ్లకు. ఫ్లెక్సీ పన్నెండడుగులు ఇంటూ ఎనిమిది. అందులో పైసగం ఫొటోలకు పోతుంది, మిగిలిన సగంలో ‘పారిశ్రామికవేత్తల’ అన్న మాట ఒక వరుసలో పట్టదు. అక్షరాలు చిన్నవి చేయించండి గానీ ఫొటోల జోలికి పోవద్దు. ఉగ్గాని, బజ్జీ నూట యాభై ప్లేట్లు. ప్రసంగాలన్నీ అయ్యాకే వడ్డించాలి, ముందే పెడితే జ్యోతి వెలిగించేవాడికి చప్పట్లు కొట్టే దిక్కుండదు.

హడావుడిలో ఒక్కటి మాత్రం మరిచిపోయే ప్రమాదం ఉంది. పరిశ్రమ పెట్టే మనిషి. ఆ మనిషి పిలవకపోయినా వస్తుంది, మూడో వరుసలో కూర్చుంటుంది, చివర్లో మైకు అడుగుతుంది. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒకామె అనుకోండి. గానుగ నూనె ఆడిద్దామని ఆలోచన. ‘సార్, మిషనుకు లోను ఇచ్చినారు. శెనక్కాయలు కొనేదానికి దుడ్లు ఎవురిస్తారు?’ అంటుంది. దీనికి వేదిక ఇవ్వాల్సిన జవాబు: ‘చాలా మంచి ప్రశ్నమ్మా. ముందు మన ఆలోచన పెద్దదిగా ఉండాలి.’ చప్పట్లు. తర్వాతి ప్రశ్న.

అలా కాకుండా పొరపాటున ఎవరైనా ఆమె పక్కన కూర్చుని లెక్క వేశారనుకోండి, కార్యక్రమం పాడైపోతుంది. ఎందుకంటే లీటరు నూనెకు సుమారు రెండున్నర కిలోల విత్తనాలు పడతాయి. రోజుకు 40 లీటర్లు తీయాలంటే క్వింటాలు. నెలకు 25 రోజులు ఆడిస్తే రెండున్నర టన్నులు. పంట చేతికొచ్చే రోజుల్లో కొని పెట్టుకోకపోతే, ఎండాకాలంలో అవే విత్తనాలు వ్యాపారి గోడౌన్ నుంచి వాడు చెప్పిన రేటుకు తెచ్చుకోవాలి. ఆరు నెలలకు పదిహేను టన్నులు. కిలో 100 రూపాయలే అనుకున్నా 15 లక్షలు. మిషనుకు లోనిచ్చి కాయకు ఇవ్వకపోవడమంటే ఎద్దును కొనిచ్చి గడ్డి సంగతి దేవుడికి వదిలేయడమే.

పోనీ దారి లేదా అంటే, ఉంది. అదే విషాదం. చిన్న యూనిట్లకు బ్యాంకు లోను, సబ్సిడీ ఇప్పించే కేంద్ర పథకం పీఎంఈజీపీ కింద వేసే ప్రాజెక్టు ఖర్చులో ఒక విడత వర్కింగ్ క్యాపిటల్, అంటే సరుకు కొనుక్కునే డబ్బు, కూడా చూపుకోవచ్చు. కానీ ఆ ప్రాజెక్టు రిపోర్టు ఎక్కడ తయారవుతుంది? జిరాక్స్ షాపులో. రాయదుర్గం జీన్స్ కుట్టేవాడికి రాసిందాంట్లోనే పేరు మార్చి గానుగకు ఇచ్చేస్తారు. నాలుగో పేజీలో ‘జిప్పులు, గుండీలు’ అని ఉండిపోయినా ఎవరూ చదవరు గనక ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా వర్కింగ్ క్యాపిటల్ అంకె కూడా జీన్స్‌దే ఉండిపోవడం. బట్ట ఏడాది పొడుగునా దొరుకుతుంది, కాయ దొరకదు.

సబ్సిడీ మాటకొస్తే, పల్లెలో యూనిట్ పెట్టే మహిళకు 35 శాతం. అది చేతికొస్తుందని ఆమె అనుకుంటుంది, ఆ ధైర్యంతో మేనమామ దగ్గర అప్పు చేస్తుంది. నిజానికి ఆ డబ్బు మూడేళ్లు బ్యాంకులోనే ఆమె పేరిట డిపాజిట్టుగా పడి ఉంటుంది, యూనిట్ నడుస్తోందని చూసుకున్నాకే అప్పులో జమవుతుంది. ఈ ఒక్క వాక్యం స్టేజి మీద చెప్పడానికి అర నిమిషం చాలు. అయితే ఆ అర నిమిషం వందన సమర్పణకు కేటాయించి ఉంటుంది.

ఇక మిషను దిగుతుంది, త్రీఫేజ్ కరెంటు దిగదు. వాయిదాల గడువేమో కరెంటుతో సంబంధం లేకుండా నడిచిపోతుంది. కరెంటు వచ్చాక నూనె వస్తుంది, మడ్డితో సహా. రెండు మూడు రోజులు కదపకుండా తేర్చి, పలుచటి నూలు బట్టలో రెండుసార్లు వడగట్టాలి. తొందరపడి సీసాలకు పడితే అడుగున అరంగుళం బూడిదరంగు మడ్డి దిగుతుంది. కొనేవాడు సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూసి, కల్తీ అని అక్కడే పెట్టేస్తాడు. కొట్టువాడు ఆ సీసాను కొబ్బరినూనె డబ్బాల వెనక్కి నెడతాడు. అక్కడ అది కారుతుంది. నూనె తీశాక క్వింటాలుకు మిగిలే అరవై కిలోల చెక్క సంగతి ఎవరూ అడగరు. దాన్ని పాలవాళ్లకు వారం వారం అమ్ముకుంటేనే గానుగకు నాలుగు రూపాయలు మిగిలేది. చెమ్మ మూలన పేర్చితే బూజు పడుతుంది, బూజు పట్టింది గేదెకు పెడితే గేదె యజమాని గానుగ దగ్గరికి వస్తాడు. కొనడానికి కాదు.

అమ్మిన సరుకు డబ్బు 45 రోజుల్లో ఇవ్వాలని, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలని చిన్న పరిశ్రమల కోసం చేసిన 2006 చట్టం చెబుతోంది. చట్టం బంగారం. ఊళ్లో ఉన్నది ఒకే పెద్ద కొట్టయినప్పుడు దాని మీద ఫిర్యాదు రాసిచ్చి, మర్నాడు అదే కొట్టుకు సీసాలు మోసుకెళ్లే మొనగాళ్లకు ఆ చట్టం చాలా ఉపయోగం.

ఎర్నెస్టో సిరోల్లీ అని ఒక ఇటలీ ఆయన ఉన్నాడు. కుర్రతనంలో జాంబియాకు సహాయం చేయడానికి పోయి, వాళ్ల బృందం నది ఒడ్డున టమోటా వేయిస్తే నీటిగుర్రాలు వచ్చి మొత్తం మేసేశాయి. ‘ముందే చెప్పొచ్చు కదా’ అంటే ‘మీరు అడగలేదుగా’ అన్నారట అక్కడివాళ్లు. మన పత్తికొండ టమోటాకు నీటిగుర్రాలు అక్కర్లేదు, ధరే మేసేస్తుంది. జాంబియా దెబ్బతో ఆయన 1985లో ఆస్ట్రేలియాలోని ఎస్పరెన్స్ అనే చిన్న ఊరికి పోయి, ఆఫీసు లేకుండా, పిలిచినవాళ్ల దగ్గరికే పోయి, వాళ్ల సంగతి బయటికి చెప్పకుండా పనిచేశాడు. చేసేవాడు, అమ్మేవాడు, లెక్క రాసేవాడు, ముగ్గురూ ఒకే మనిషిలో ఉండరని ఆయన సిద్ధాంతం. ఉన్న ఒక్కరికి మిగిలిన ఇద్దర్ని వెతికిపెట్టాలి.

వినడానికి బాగానే ఉంది గానీ మన దగ్గర ఎట్లా కుదురుతుంది? పిలిస్తే గానీ పోకూడదంటే ఇన్విటేషన్ కార్డులు ఎవరికి పంచాలి? గుట్టుగా ఉంచాలంటే పేపర్లో ఏం రావాలి? పైగా అలాంటి వేదికలో కూర్చోవాల్సినవాళ్లు ఎవరో చూడండి: రిటైరైన బ్యాంకు గుమాస్తా, మోటారు మెకానిక్, సీసాల హోల్‌సేల్ మనిషి, పాడి ఉన్న రైతు, అందరికంటే ముఖ్యంగా గానుగ పెట్టి మూసేసిన ఒకాయన. ఎక్కడ దెబ్బతిన్నదీ నయాపైసలతో చెప్పగలిగేది ఆయనే. అలాంటాయనకు శాలువా కప్పితే వేదిక పరువేం కావాలి? వీళ్లంతా టవర్ క్లాక్ దగ్గర టీ బంకులో ఎలాగూ కూర్చునే ఉంటారు. ‘అన్నా, సీసాలు ఎక్కడ దొరుకుతాయి’ అంటే నోటితో చెబుతారు, ఫోన్ కలిపి ఇస్తారు. రిజిస్టరు లేదు, హాజరు లేదు, ఆడిట్‌కు ఏం చూపిస్తారు?

అదే ప్రశ్న మన వేదిక వాట్సాప్ గ్రూపులో వేస్తే ఆరొందల మంది చూస్తారు. పదకొండు మంది దండం బొమ్మ పెడతారు.

కార్యక్రమం ముగిశాక నివేదికలో హాజరు ఎంత రాయాలన్న సందేహం కొందరికి వస్తోంది. ప్లేట్లు ఎన్ని లేచాయో అంతే రాయండి. శాలువాలు ఒకటో రెండో మిగులుతాయి, అలిగినవాళ్లు మధ్యలోనే వెళ్లిపోతారు గనక. ఈసారి మాత్రం పాలిస్టర్‌వి కాకుండా ఎమ్మిగనూరు చేనేత నూలు తెప్పించండి. మూడో వరుస ఆమెకు ఇస్తే గంజి పోయేదాకా ఉతికి నూనె వడగట్టుకుంటుంది.