దాచుకున్నది పారేసినట్టా?

లాయరుగా రిటైరైన మేనమామకూ, మ్యూజియంలో పనిచేసే మేనకోడలికీ వాదన. విషయం ‘మోతునుయి ఎపా’. న్యూజిలాండ్‌లోని తరనాకిలో ఒక మావోరి గాదెకు గోడగా నిలిచిన ఐదు చెక్కడపు పలకలివి. 2014లో అక్కడి ప్రభుత్వం 45 లక్షల న్యూజిలాండ్ డాలర్లు కట్టి, జెనీవాలో పాత కళాఖండాలు సేకరించే జార్జ్ ఆర్టిజ్ అనే ఆయన కుటుంబం నుంచి వీటిని వెనక్కి తెచ్చుకుంది.

మేనకోడలు: మనింట్లో పోయిన నగని మనమే డబ్బిచ్చి కొనుక్కోవడమేంటి మామయ్యా?

మామయ్య: నీకు కోపం రావడం న్యాయమే. వీటిని తిరిగి ఇప్పించమని న్యూజిలాండ్ ప్రభుత్వం లండన్‌లో దావా వేసి ఓడిపోయింది. కోర్టు చూసేది చట్టంలో రాసిన మాట. 1962 నాటి న్యూజిలాండ్ చట్టం ప్రకారం, అనుమతి లేకుండా దేశం దాటిన పాత వస్తువు జప్తు అవుతుంది. అధికారులు చేజిక్కించుకుంటేనే ఆ జప్తు. వాళ్లు పట్టుకోలేదు. 1983లో లండన్‌లోని ప్రభువుల సభ, అంటే అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం, అదే తేల్చింది. జార్జ్ ఆర్టిజ్ 1973లో 65,000 అమెరికన్ డాలర్లు పోసి కొన్నాడు మరి.

మేనకోడలు: కొన్నాడు, సరే. 1972లో బురదలోంచి తీసి అమ్మినవాళ్లకు ఆ హక్కెక్కడిది?

మామయ్య: నూట యాభై ఏళ్లు ఎవరూ అడగలేదు కదమ్మా.

మేనకోడలు: నాకు మండేది అక్కడే. 1820ల ప్రాంతంలో తుపాకులతో శత్రువులు దండెత్తితే, తె ఆతిఅవా తెగవాళ్లు గాదె విప్పి పలకల్ని చిత్తడి నేలలో దాచారు. గాలి తగలని బురదలో కర్ర పుచ్చిపోదని వాళ్లకు తెలుసు. మన దగ్గర దండు వస్తోందంటే ఉత్సవ విగ్రహాల్ని పాతిపెట్టేవాళ్లు కాదా? తర్వాత దొరికితే దిక్కులేనివంటామా? ఫొటో చూడండి. పాముల్లా మెలికలు తిరిగి ఒకరినొకరు పెనవేసుకున్న దేహాలు, పైకి కోసుగా లేచిన తలలు. వీళ్లు ఆ జనం పూర్వీకులు మామయ్యా. పెద్దల్ని బేరం పెడతారా?

మామయ్య: ఆర్టిజ్‌ని మరీ దుర్మార్గుణ్ణి చెయ్యకు. 1977లో కూతుర్ని ఎత్తుకుపోతే 20 లక్షల డాలర్లు చెల్లించి విడిపించుకున్నాడు. ఆ అప్పు తీర్చడానికే 1978లో సోదబీస్ అనే వేలం సంస్థ ద్వారా పలకల్ని వేలానికి పెట్టాడు. ఆ కేటలాగ్‌లో కనబడబట్టే న్యూజిలాండ్‌కి ఆచూకీ తెలిసింది.

మేనకోడలు: ఆ తండ్రి బాధ నిజం, కాదనను. బాధ ఉంటే సొత్తు మీద హక్కు వస్తుందా? కేసు గెలిచాక కూడా 2013లో చనిపోయేవరకూ తన దగ్గరే ఉంచుకున్నాడు.

మామయ్య: అయితే ఏం చెయ్యాలి? మళ్లీ వేలానికి వెళ్లేదాకా చూస్తూ కూర్చోవాలా? డబ్బు కట్టబట్టే 2015లో న్యూ ప్లిమత్‌లోని పుకె అరికి మ్యూజియానికి, వాళ్ల గడ్డకే, చేరాయి.

మేనకోడలు: తెచ్చుకోవడం తప్పనలేదు. కట్టిన డబ్బుని ‘ధర’ అంటేనే ఒప్పుకోను.

మామయ్య: ఒక్కటి నీకు వదిలేస్తాను. ఆ దావాలో వాది న్యూజిలాండ్ ప్రభుత్వం. ఇవి మా పెద్దలని తె ఆతిఅవా తరఫున ఎవరూ వాదిగా నిలబడలేదు. తమిళనాడులోని పత్తూరు గుడి నటరాజ విగ్రహం కేసు 1991లో అదే లండన్‌లో గెలిచింది చూడు, అక్కడ గుడే హక్కుదారుగా నిలిచింది. ఈ పలకల ఫైలు నా చేతికొచ్చి ఉంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టేవాణ్ణి.