స్పారింగ్ లేని బ్లాక్ బెల్టు

అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే సబర్బ్‌లలో ఇండియన్ గ్రోసరీకి నాలుగు కొట్ల అవతల ఒక తైక్వాండో స్కూలు కనబడుతుంది. పిల్లల్ని చేర్పించే ముందు మనం అడిగేవి దాదాపు ఎప్పుడూ రెండే ప్రశ్నలు: నెలకి ఎంత, బ్లాక్ బెల్టు ఎన్నేళ్లకి వస్తుంది. అడగాల్సింది ఇంకొకటి ఉంది. వారానికి ఎన్ని నిమిషాలు స్పారింగ్, అంటే ఎదుటివాడితో తలపడే సాధన, చేయిస్తారు, దాన్ని ఎలా చేయిస్తారు? ఫీజు కట్టాలా వద్దా అన్నది ఈ జవాబు మీదే తేల్చుకోవాలని నా అభిప్రాయం.

తన్నడానికి పట్టుకునే ప్యాడ్ కదలదు. పూమ్సే, అంటే వరస తప్పకుండా చేసే అడుగుల పాఠం, తిరిగి కొట్టదు. తేగుక్ అనే వరసలోని పూమ్సేలు ఎనిమిదీ తడుముకోకుండా చేసే పిల్లవాడు కూడా, ఎదుటివాడు ఒక్క అడుగు ముందుకేస్తే కళ్లు గట్టిగా మూసుకుంటాడు, ఊపిరి బిగబడతాడు, వీపు తిప్పేస్తాడు. ఇవి పిరికితనం లక్షణాలు కావు. మీదికొచ్చే వస్తువును చూసి ఒళ్లు తనంతట తాను చేసే పనులు. మాటలతో చెబితే పోవు. మెత్తటి దెబ్బలు వందలసార్లు తగిలాక, తగిలినా ఏమీ కాలేదని ఒంటికి నమ్మకం కుదిరాక మెల్లమెల్లగా వదులుతాయి. ఊపిరి బిగబట్టిన పిల్లవాడు అర నిమిషానికే అలిసిపోతాడు. మనమేమో స్టామినా లేదనుకుని పాలూ బాదంపప్పూ పెంచుతాం.

బెల్టుల సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఈ పద్ధతి జూడో నుంచి వచ్చింది. జిగొరో కానో 1882లో జూడో మొదలుపెట్టి, మరుసటి ఏడాది తొలి డాన్ (ఇప్పటి నల్ల బెల్టు మెట్లు) హోదాలిచ్చినప్పుడు ఈ రంగుల ఇంద్రధనుస్సు లేదు. రంగుల బెల్టులు యూరప్‌లో, ముఖ్యంగా 1930లలో ప్యారిస్‌లో జూడో నేర్పిన కవైషి వల్ల ప్రచారంలోకి వచ్చాయి. తొందరగా నీరసపడే విద్యార్థికి ముందున్న మెట్టు చూపించడానికి అది మంచి ఉపాయమే. ఇప్పుడు రెండు మూడు నెలలకో టెస్టు, టెస్టుకో ఫీజు అయ్యేసరికి వాపును చూసి బలుపు అనుకుంటున్నాం. ఇంకొక్క మాట. కొరియాలోని తైక్వాండో ప్రధాన కేంద్రం కుక్కివాన్ పద్ధతిలో 15 ఏళ్లు నిండని పిల్లలకి ఇచ్చేది డాన్ కాదు, పూమ్. దాని బెల్టు సగం ఎరుపు, సగం నలుపు. పదేళ్ల పిల్లకి నిండు నల్ల బెల్టు కట్టి పంపిన స్కూలుని, ఇది కుక్కివాన్‌లో నమోదయ్యేదేనా, మీ స్కూలు సొంతమా అని అడగడంలో తప్పేం లేదు.

ఇక స్పారింగ్ లెక్క. ఇరవై మంది పిల్లలున్న క్లాసులో ఒక జంటని మధ్యలో నిలబెట్టి మిగతా పద్దెనిమిది మందిని చుట్టూ కూర్చోబెట్టే పద్ధతి చాలాచోట్ల నడుస్తోంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ జంటకొక నిమిషం, మార్పులకి అర నిమిషం వేసుకుంటే పావుగంట గడిచేసరికి ఒక్కో పిల్లవాడికి దక్కింది ఒక్క నిమిషం. పైగా అందరూ చూస్తున్నారు కాబట్టి ఆ ఒక్క నిమిషమూ పౌరుషంతో నిండిపోతుంది. పది జంటల్నీ ఒకేసారి నిలబెట్టి, నిమిషం రౌండు, మార్పుకి అదే అర నిమిషం చొప్పున జోడీ మార్చితే, ఆరు నిమిషాల్లో ప్రతివాడికీ నాలుగు రౌండ్లు, నలుగురు వేర్వేరు ప్రత్యర్థులు. దీనికి చోటు ఎక్కువ కావాలి. మాస్టారితో పాటు కనీసం మరొకరు నిలబడి చూస్తుండాలి. ఆ ఖర్చు పెట్టుకోలేని స్కూలు మొదటి పద్ధతే మంచిదని వాదిస్తుంది.

చేరిన మొదటి నెలలోనే హెల్మెట్ తగిలించి వదిలేయడం ఇంకో తప్పు. దీనికి మెట్లున్నాయి. మొదట దూరం: ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, కొట్టకుండా, ఒకరు ముందుకొస్తే రెండోవారు అంతే వెనక్కి వెళ్లాలి. మధ్య దూరం ఒక కాలి పొడవు కంటే తగ్గకూడదు, పెరగకూడదు. రెండు వారాలు ఇదే చేయిస్తే పిల్లలు విసుక్కుంటారు, చేయించాల్సిందే. తర్వాత ఒకరికి ఒకే కిక్కు, రెండోవారికి తప్పుకోవడం మాత్రమే. అర నిమిషానికి పాత్రలు మార్చాలి. ఆపైన తప్పుకున్న వెంటనే తిరిగి ఒక కిక్కు. ఇవన్నీ కుదిరాకే ఇష్టమొచ్చినట్టు ఆడనివ్వడం, అదీ తాకీతాకనట్టు.

తాకీతాకనట్టు అన్నచోటే క్లాసు మంచిదో కాదో బయటపడుతుంది. ఇద్దరు పిల్లల మధ్య దెబ్బల జోరు దానంతటదే పెరుగుతుంది. తను కొట్టిన దెబ్బ ఎవరికైనా మెత్తగానే అనిపిస్తుంది, తిన్నదే గట్టిగా అనిపిస్తుంది. వాడు కొంచెం పెంచుతాడు, వీడు ఇంకొంచెం పెంచుతాడు, మూడో మార్పుకి యుద్ధం. అందుకే జోరు ఎంతుండాలో చిన్నవాడు, కొత్తవాడు నిర్ణయించాలి. గట్టిగా తగిలినవాడు తిరిగి గట్టిగా కొట్టకుండా, మెల్లగా అని పైకి చెప్పగలగాలి. ఆ మాట అన్నందుకు ఎవరూ నవ్వకుండా చూడడం మాస్టారి పని. మన తాలింఖానాల్లో పద్ధతీ ఇదే: సీనియర్ పహిల్వాన్ కుర్రాడితో గోదాలోకి దిగితే బలమంతా పెట్టడు, పట్టు దొరకనిస్తాడు. పైబెల్టు పిల్లలు కిందిబెల్టు పిల్లల్ని చితక్కొట్టి మెప్పు పొందే క్లాసులో ఉండాల్సిన పని లేదు.

గాయాలు దెబ్బ తినేవాడికే కాదు, కొట్టేవాడికీ అవుతాయని చాలామందికి తెలియదు. డోల్యో చాగీ, అంటే రౌండ్‌హౌస్ కిక్కు, సరిగ్గా పడాలంటే ముందు మోకాలు పైకి లేవాలి, ఆ తర్వాతే పాదం విసరాలి, తగలాల్సింది పాదం పైభాగం. తొందరలో మోకాలు లేపకుండా కాలు నేల మీంచి ఏటవాలుగా విసిరితే పాదం నేరుగా ఎదుటివాడి మోచేతికి తగులుతుంది. మోచెయ్యి గెలుస్తుంది. వేళ్లు సాచకుండా ముడిచినా బొటనవేలు బెణుకుతుంది. రెండో తప్పు నేలమీదున్న కాలిది. తన్నే క్షణంలో ఆ పాదం మునివేళ్ల మీద తిరిగి మడమ లక్ష్యం వైపు రావాలి. తిరక్కపోతే నడుం తిరిగిన మెలిక అంతా మోకాలు భరిస్తుంది. పన్నెండేళ్ల పిల్ల మోకాలు నొప్పి అంటే ఐస్ పెట్టడంతో సరిపెట్టకుండా, ఆ పాదం తిరుగుతోందో లేదో క్లాసులో ఒకసారి గమనించండి.

సామాను కొనేటప్పుడు మన అలవాటు ఒకటుంది: పెరిగే పిల్లలు కదా అని ఒక సైజు పెద్దది తీసుకోవడం. స్కూలు ప్యాంటుకి అది చెల్లుతుంది. ఛాతీకి కట్టే హోగు పెద్దదైతే చెయ్యెత్తగానే అంచు గడ్డం కిందికి వచ్చి కూర్చుంటుంది, చేతులు దగ్గరికి రావు. హెల్మెట్ వదులైతే తల తిప్పినా అది తిరగదు, కన్ను మూసుకుపోతుంది. హోగు తాళ్లు వెనక అడ్డంగా ఇంటూ గుర్తులా వేసి వేరొకరు బిగించాలి. మౌత్‌గార్డ్ వేడినీళ్లలో మెత్తబరిచి పళ్లకి అచ్చు వేయకపోతే అది నోట్లో నిలవదు, నమిలే వస్తువైపోతుంది. పళ్లకి బ్రేసులుంటే వాటికి వేరే రకం కావాలి. మోచేతి కింద, మోకాలి కింద, పాదాల మీద ప్యాడ్లు, లోపల గజ్జల రక్షణకి కప్పు. కళ్లజోడు పెట్టుకుని స్పారింగ్‌కి దిగకూడదు. చూపు మరీ మసకైతే పాలీకార్బనేట్ అద్దాలున్న క్రీడల గాగుల్స్ వేయించాలి. కాలిగోళ్లు ముందురోజే కత్తిరించాలి, సామానంతటిలో ఖర్చు లేని రక్షణ ఇదొక్కటే.

తల విషయంలో మాత్రం ఎవరితోనూ మొహమాటపడొద్దు. ఒలింపిక్ తరహా తైక్వాండోలో ఛాతీ మీద పిడిగుద్దుకి 1 పాయింటు, కిక్కుకి 2, తలకి తగిలిన కిక్కుకి 3. పిల్లలకి లెక్కలు మనకంటే బాగా వచ్చు, అందుకే కాలు లేవకముందే తల మీద కన్నేస్తారు. హెల్మెట్ చర్మం చిట్లకుండా కాపాడుతుంది. లోపల మెదడు ఊగకుండా ఆపలేదు. దెబ్బ తర్వాత తలనొప్పి, వాంతి, మసక చూపు, అడిగిందే మళ్లీ అడగడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజుకి ఆట ముగిసినట్టే. డాక్టరు సరేననే దాకా మళ్లీ దిగకూడదు. ఇలా పక్కన కూర్చోబెట్టి, అనుమతి కాగితం వచ్చాకే ఆడనివ్వాలని వాషింగ్టన్ రాష్ట్రం 2009లో చట్టం చేస్తే మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. అవి ముఖ్యంగా స్కూలు ఆటల కోసం పుట్టిన చట్టాలు. ప్రైవేటు క్లాసుకి ఎంతవరకు వర్తిస్తాయన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాబట్టి మీ స్కూలు రాసుకున్న నియమం ఏమిటో కాగితం మీద చూపించమనండి. పన్నెండేళ్లలోపు పిల్లలకి తల మీద కిక్కులు వద్దనే క్లాసు నాకు మరింత నచ్చుతుంది, పోటీల్లో వెనకబడతారన్నా సరే.

ఈ స్పారింగ్‌తో ఆత్మరక్షణ వచ్చేస్తుందని ఎవరైనా చెబితే సగమే నమ్మండి. మొహం మీద పిడిగుద్దు నిషిద్ధం కాబట్టి పిల్లలు చేతులు కిందికి వేలాడేసి నిలబడటం నేర్చుకుంటారు. బయట అదే పెద్ద లోపం. అయినా మీదికొచ్చేవాడిని కళ్లు తెరిచి చూడటం, దూరం కొలవడం వస్తాయి. ఆడపిల్లలకి పదకొండు పన్నెండేళ్లు రాగానే, మగపిల్లలతో తన్నులాటేమిటని మాన్పించే ఇళ్లున్నాయి. సరిగ్గా ఆ వయసులోనే అది ఎక్కువ పనికొస్తుంది. ఛాతీ గార్డు వేయించి, తన బరువుకి, ఎత్తుకి తగిన జోడీని ఇమ్మని అడిగితే సరిపోయేదానికి బెల్టు దాకా వచ్చిన పిల్లని ఇంట్లో కూర్చోబెడుతున్నాం.

అద్దం అవతల కూర్చునే మనం కూడా క్లాసులో భాగమే. కొట్టరా, కొట్టు అని తెలుగులో అరిస్తే మాస్టారికి అర్థం కాదని ధీమా. పిల్లవాడికి మాత్రం అర్థమవుతుంది, అప్పటిదాకా మెత్తగా ఆడుతున్నవాడు ఆ కేకకి కాలు బిగిస్తాడు. ఉచిత ట్రయల్ క్లాసు ఇస్తామంటే స్పారింగ్ ఉన్న రోజే ఇమ్మనండి. అద్దం దగ్గర కూర్చుని నాలుగు రౌండ్లు చూడండి. ఓడిన పిల్లవాడు తర్వాతి జోడీ దగ్గరికి నడిచి వెళ్తున్నాడా, గోడవైపు చూస్తున్నాడా అన్నది అక్కణ్ణుంచి స్పష్టంగానే కనిపిస్తుంది.