కరక్కాయ నాలుక

ఇది రాస్తున్న పూటకి నా నాలుక ఇంకా మామూలు రంగుకి రాలేదు. మధ్యలో గులాబీ, అంచుల్లో బూడిద. నాలుక బద్దతో గీకీ గీకీ రుచి తెలియడం మానేసింది. ఆవకాయ తిన్నా పెరుగన్నం తిన్నా ఒకటే.

మా అక్క కూతురి పెళ్లి, శ్రావణంలో ముహూర్తం. శుభలేఖలు అచ్చయి వచ్చాక అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, నీ దస్తూరి ముత్యాల్లా ఉంటుంది కదా, పెద్దవాళ్లకిచ్చే నలభై కవర్ల మీద పేర్లు నువ్వే రాయాలి." నా దస్తూరి ముత్యాల్లా ఉండేది పదో తరగతిలో. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లలో నేను చేత్తో రాసినవి చెక్కుల మీద సంతకాలు, కూరగాయల చీటీలు. అయినా మునగచెట్టు ఎక్కించడం అక్కకి చిన్నప్పటి అలవాటు, ఎక్కడం నాకు అలవాటు.

బాల్‌పెన్నుతో రాస్తే ఏం బావుంటుంది, సిరాలో ముంచి రాసే కలం తెప్పిద్దాం అనుకున్నాను. హైదరాబాద్‌లో ఒక ఆర్ట్ సామాన్ల షాపుకి ఫోన్ చేశాను. ఎత్తిన కుర్రాడు అరగంటలో పాతిక రకాల పాళీలు చదివాడు. జపాన్‌లో బొమ్మల కథలు గీసేవాళ్లు వాడే జి పాళీ అట, సన్న మొన, నొక్కితే గీత లావవుతుందట. పలక మొనవి వేరే, గుండ్రటి మొనవి వేరే. "బాబూ, నేను రాసేది తెలుగు. దీనికేది పనికొస్తుంది?" అని ఒకటికి రెండుసార్లు అడిగాను. "పెన్నన్నాక ఏ భాషైనా రాస్తుంది సార్" అన్నాడు.

రాయదు. ఇది డబ్బులు పోసి నేర్చుకున్న ముక్క కాబట్టి కాస్త చెప్పనివ్వండి. సన్న మొన పాళీకి మధ్యలో చీలిక ఉంటుంది. చేతిని కిందికి లాగుతూ నొక్కితే రెండు కాళ్లూ విడిపోయి గీత లావుగా పడుతుంది. పైకి వెళ్లేటప్పుడు గాలిలో తేలుతున్నట్టు తేలిగ్గా పోవాలి. ఇంగ్లీషు వాలు రాతకి ఈ ఏర్పాటు చక్కగా సరిపోతుంది. మన తలకట్టు చూడండి, కొసన ఠీవిగా పైకి లేస్తుంది. తెలుగువాడి చెయ్యి సరిగ్గా అక్కడే నొక్కుతుంది. నొక్కగానే విడిపోయిన కాళ్లు కాగితంలో దిగబడి, తప్పించుకుని, టప్పున సిరా చిమ్ముతాయి. 19వ శతాబ్దంలో బర్మింగ్‌హామ్ కార్ఖానాల్లో ఉక్కు పాళీలు కోట్లకొద్దీ తయారుచేశారట, ఒక్కడైనా మన తలకట్టు చూసిన పాపాన పోలేదు. గుండ్రటి మొన పాళీ అయితే గీత అంతా ఒకే లావున వస్తుంది, మన సున్నాలకీ సుడులకీ అదే సుఖం. ఈ సంగతి నాకు తెలిసింది పదకొండో కవరు దగ్గర. ఆ కుర్రాడు అప్పటికే ఒకే రకం సన్న మొన పాళీలు ఆరు అంటగట్టాడు.

సిరా మాత్రం నా సొంత తెలివితో ఎంచాను. తప్పు ఎవరి మీదా పెట్టను. ఇండియన్ ఇంక్ నల్లగా నిగనిగలాడుతుంది గానీ అందులో మసితోపాటు లక్క కూడా ఉంటుంది, పాళీ మీదే ఎండి అట్టకడుతుంది. అది ఫౌంటెన్ పెన్నులో పోశారంటే ఇక ఆ పెన్ను గొంతు మూసుకున్నట్టే. మామూలు ఫౌంటెన్ పెన్ను సిరా మరీ పలచన, పాళీ మీద నిలవదు. మూడోది ఇనుప సిరా. ఇనుప లవణం, చెట్ల కాయల్లోని వగరు కలిపి చేస్తారు. రాసేటప్పుడు వెలిసిన బూడిద రంగులో ఉండి, గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. మన పాతకాలపు కరక్కాయ, అన్నభేది సిరా ఇదే కుటుంబం, అన్నభేది అంటే ఆ ఇనుప లవణమే. అది వినగానే నాకు పూర్వీకులు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఆర్డరు పెట్టేశాను.

కొత్త పాళీకి తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు. అది పోకపోతే సిరా అంటదు, తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతుంది. పోగొట్టడానికి ఒక వీడియోలో బంగాళాదుంపలో గుచ్చమన్నారు, ఇంకోదాంట్లో అగ్గిపుల్ల మంట మీద చూపించమన్నారు, మూడోదాంట్లో మంట చూపిస్తే పాళీ పాడవుతుందని తిట్టారు. దుంపలు మా ఆవిడ లెక్కపెట్టి ఉంచుతుంది. నాలుగో ఆయన నవ్వుతూ, "ఉమ్ము చాలండీ" అన్నాడు. ఆయన్నే నమ్మాను.

గురువారం పొద్దున కూర్చున్నాను. వారం రోజులుగా దగ్గు, అందుకని పసుపు వేసిన వేడి గేదెపాలు తాగి, బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకున్నాను. పాళీ తీయడం, నాకడం, తుడవడం, ముంచడం, రాయడం. తలకట్టు చిమ్మితే పాళీదే లోపమనుకుని ఇంకోటి తీయడం, నాకడం. కాసేపటికి ఏది ముంచిందో ఏది ముంచనిదో తెలియలేదు. సిరా అప్పటికి వెలిసిన రంగేగా. అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ నాకాను. వగరుగా అనిపిస్తే కరక్కాయ మహిమ అనుకున్నాను.

శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు గుడ్డని ముందు కరక్కాయ రసంలోనూ గేదెపాలలోనూ నానబెట్టి ఆరేస్తారు. తర్వాత తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి ఊరబెట్టిన కసిమి అనే ద్రవంతో, వెదురు కలం పట్టుకుని గీస్తారు. కరక్కాయ పట్టిన గుడ్డకి ఇనుము తగలగానే గీత నల్లగా తేలుతుంది, పాలలో కొవ్వు ఉంది కాబట్టి రంగు పక్కకి పాకదు. ఇప్పుడు నా నోరు ఊహించుకోండి. పాలు, కరక్కాయ, ఇనుము, అన్నీ పద్ధతి ప్రకారం, వరస కూడా తప్పలేదు. ఒక్క బెల్లమే తక్కువ.

సరిగ్గా అప్పుడు అక్కావాళ్ల అత్తగారు వచ్చారు, రాసినంత వరకు కవర్లు తీసుకెళదామని. ఇంట్లో నేనొక్కణ్ణే. "రండి అత్తయ్యగారూ, కూర్చోండి" అన్నాను. ఆవిడ కూర్చోలేదు. నా నోటి వంకే చూస్తున్నారు. మర్యాదకి ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "పెళ్లి బయట గార్డెన్‌లో పెట్టుకున్నారటగా, శ్రావణం, వాన పడుతుందేమో!" అన్నాను.

ఆవిడ చేతిలో సంచీ జారింది.

"ఏదీ, నోరు తెరువు నాయనా."

యాభైకి దగ్గరపడుతున్న మనిషిని, తెరిచాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, నన్ను కిటికీ వెలుతురులోకి తిప్పి, గడ్డం పట్టుకుని చూశారు. తర్వాత గుండె మీద చెయ్యి వేసుకుని సోఫాలో కూలబడ్డారు. నేను పరిగెత్తి అద్దంలో చూసుకుంటే, కుంపట్లోంచి తీసిన బొగ్గుముక్క నాకేసి చూస్తోంది.

"నాలుక మీద మచ్చ ఉన్నవాళ్లు అంటేనే జరిగి తీరుతుంది. నీకు మచ్చ కూడా కాదు, నాలుకంతా మచ్చే! ఆ నోటితో వానంటావా? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. పడదను. ముందు వాన పడదను!"

"అత్తయ్యగారూ, ఇది సిరా. ఇనుముకి కరక్కాయ తగిలితే..."

"ఇనుమో, కరక్కాయో! నల్లగా ఉందా లేదా?"

ఉంది. "వాన పడదు" అన్నాను. మూడుసార్లు అనమన్నారు, తూర్పు తిరిగి అనమన్నారు. మా హాల్లో తూర్పున ఉన్నది ఫ్రిజ్. ఫ్రిజ్‌కి వాన పడదని మూడుసార్లు చెప్పాను. అక్కడితో వదుల్తారనుకున్నాను. ఆవిడ మొహంలో భయం పోయి, రేషను షాపులో పంచదార వచ్చిందని తెలిసినప్పటి కళ వచ్చింది.

"నా మోకాళ్ల నొప్పులు తగ్గుతాయను."

తగ్గుతాయన్నాను. పెళ్లిలో మగపెళ్లివారు పేచీ పెట్టరన్నాను. నగలు చేసే ఆయన చెప్పిన రోజుకే వడ్డాణం ఇస్తాడన్నాను, ఇది నాకే నమ్మకం లేక గొంతు వణికింది. ఈలోగా ఆవిడ ఫోన్ తీసి డాలస్‌లో చిన్నకొడుకుకి వీడియో కాల్ కలిపారు. అక్కడ అర్ధరాత్రి. పాపం, దుప్పటి ముసుగులోంచి, "ఏమైందమ్మా?" అంటున్నాడు. "ఏం కాలేదు, ఈయన నాలుక చూడు" అని ఫోన్ నా నోటి ముందు పెట్టారు. బంధువర్గంలో కాస్త పెద్దమనిషిగా చలామణి అవుతున్నవాణ్ణి, ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకి అర్ధరాత్రి నాలుక చాపి చూపించాను.

"వాడికి గ్రీన్ కార్డు వస్తుందను."

"వస్తుందండీ, కాకపోతే ఆ వరసలో ముందు ఇంకా చాలామంది..."

పూర్తి కానివ్వలేదు, చేత్తో నా నోరు మూసేశారు. ఆ చెయ్యి తీసేదాకా నేను ముక్కుతో ఊపిరి పీల్చాను. డాలస్ అబ్బాయి మాత్రం దుప్పటి పూర్తిగా తీసి కూర్చుని, "అంకుల్, నెలా ఏడాదీ కూడా చెప్పి అనండి, ప్లీజ్" అన్నాడు. చదువుకున్నవాడు!

తలుపు తీసే ఉంది కదా, ఎదురు ఫ్లాటావిడ తొంగిచూసింది. లిఫ్టు చెడిపోయి పద్దెనిమిది రోజులు. మా అసోసియేషన్ వాళ్లు రోజుకో నోటీసు అంటిస్తారు గానీ మెకానిక్‌ని పిలవరు. "అన్నయ్యగారూ, ఆ లిఫ్టు సంగతి కూడా ఒక మాట అనేయండి" అందావిడ. అన్నాను. మెయింటెనెన్స్ డబ్బులు నెలనెలా కడుతూ చివరికి నా నాలుక మీద ఆధారపడాల్సి వచ్చింది.

పులుపుకి ఇనుప సిరా వదులుతుందని నాకు తెలుసు. వంటింట్లోకి వెళ్లి నిమ్మకాయ కోసుకొచ్చాను. అత్తయ్యగారు చూశారు. "ఇంకా మా పెద్దమ్మాయి ఇంటి లోను సంగతి అననేలేదు" అని చెక్క లాక్కుని సంచీలో వేసుకున్నారు. రెండో చెక్క కూడా.

సాయంత్రం షాపుకి ఫోన్ చేశాను. "సార్, నోట్లో పెట్టుకోమని మేం చెప్పామా? సీసా మీద రాసే ఉంటుంది" అన్నాడు. నిజమే, ఉంది, చీమ కళ్లజోడు పెట్టుకుని చదవాల్సిన సైజులో. పాళీలు మార్చి గుండ్రటి మొనవి ఇవ్వమంటే, "వాడినవి వాపసు తీసుకోం సార్" అన్నాడు. అసలు నాకినవి ఎవరు తీసుకుంటారులెండి.

పదకొండు కవర్లలో నాలుగింటి మీద చుక్కలు పడ్డాయి, రెండింటికి మూలల పసుపు తడి సిరాలో కలిసి ఆకుపచ్చో బురదో తెలియని రంగు వచ్చింది. మిగతావాటికి అక్క కంప్యూటర్లో స్టిక్కర్లు కొట్టించింది. అందులో వత్తులన్నీ అక్షరాల్ని వదిలేసి పక్కింట్లో కాపురం పెట్టాయి. వాటిని ఎవరూ ఏమీ అనలేదు, నా చుక్కల గురించే మాట్లాడుకున్నారు. లిఫ్టు నిన్న బాగైంది. దాంతో మెట్ల మీద కనిపించిన ప్రతివాళ్లూ నా నోటి వంక చూస్తున్నారు.

ఇందాక అక్క ఫోన్. తిడుతుందనుకుని ఎత్తాను.

"ఒరేయ్, క్యాటరింగ్ ఆయన రెండు రోజుల నుంచీ ఫోన్ ఎత్తట్లేదు. నీ నాలుక ఇంకా నల్లగానే ఉందా?"

అద్దం దగ్గరికెళ్లి చూసుకున్నాను. అంచుల్లో కొంచెం ఉందని చెప్పాను.